లిథియం చిన్నదే, మరి నీళ్లలో ఎందుకంత నిదానం?

తమ్ముడూ, లిథియం అయాన్ (అంటే ఆవేశమున్న పరమాణువు) సీజియం అయాన్ కంటే చాలా చిన్నది కదా, మరి నీళ్లలో అదే ఎక్కువ కరెంట్ మోయాలి, పుస్తకంలో ఉల్టా ఉందేంటి, ప్రింటింగ్ తప్పా అని అడిగావు. తప్పు కాదు, పుస్తకమే కరెక్ట్.

నువ్వు మర్చిపోయింది నీటిని. నీటి అణువు ద్విధ్రువం, అంటే రెండు కొసల్లో వేర్వేరు ఆవేశాలు ఉన్నది, ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం ఉంటుంది, అందుకే ధనాయాన్ కనిపించగానే ఆక్సిజన్లన్నీ దాని వైపు తిరిగి చుట్టూ మూగుతాయి. ఈ అయాన్-ద్విధ్రువ ఆకర్షణ శక్తి దూరం వర్గానికి విలోమంగా ఉంటుంది, అంటే దూరం సగమైతే శక్తి నాలుగింతలు. లిథియం వ్యాసార్ధం 76 పికోమీటర్లు, సీజియంది 167. ఆవేశం రెండిటికీ +1 అయినా లిథియం దగ్గరికి నీరు బాగా చేరుకుంటుంది, ఇక వదలదు.

కాబట్టి కదిలేది ఒట్టి లిథియం కాదు, నీళ్ల మూట మోసుకుంటూ ఈడ్చుకుపోయే లిథియం. పెళ్లింట్లో పిల్లలంతా చుట్టుకున్న మేనమామ గుమ్మం దాటడానికి ఎంతసేపు పడుతుందో, అలా. సీజియం మీద పట్టు తక్కువ, అది చకచకా పోతుంది.

నమ్మకం కుదరకపోతే ల్యాబ్‌లో మేడమ్‌ని అడిగి చిటికెడు అనార్ద్ర (నీరు లేని) లిథియం క్లోరైడ్ పరీక్షనాళికలో వేసి కొంచెం నీళ్లు పొయ్యి, గాజు వేడెక్కడం వేళ్లకే తెలుస్తుంది, నీరు లిథియంని అంత గట్టిగా పట్టుకున్నప్పుడు బయటపడే వేడి అది. ఉప్పుతో అలా కాదు, ఉప్పు కరిగితే నీరు రవ్వంత చల్లబడుతుంది.

ఒక్క మాట, సీజియం ముందు, లిథియం వెనక అనే ఈ వరస నీటి ద్రావణాలకే. నీళ్లు కలపకుండా వేడితో కరిగించిన లవణాల ప్రశ్న వస్తే అక్కడ నీళ్లే లేవు, ఇదే జవాబు గుడ్డిగా పెట్టేయకు.