చిన్న చేపల్ని వదిలేస్తున్నా సరస్సులో పెద్ద చేపలు ఎందుకు తగ్గిపోతున్నాయి?

మీరు అడిగింది ఇది: మీరు గాలం వేసే సరస్సులో 30 సెంటీమీటర్ల కన్నా చిన్న చేప పడితే తిరిగి నీళ్లలో వదిలేయాలని నియమం ఉంది, దాదాపు అందరూ పాటిస్తున్నారు, అయినా పెద్ద చేపలు ఏటేటా తగ్గిపోతున్నాయి. మరి ఈ సైజు నియమం వల్ల ఉపయోగం ఉందా, అసలు వదిలిన చేప బతుకుతుందా అని.

ఉపయోగం ఉంది. కానీ మీరు చెప్పిన నియమం సగం పనే చేస్తుంది. మిగతా సగం పెద్ద చేపల్ని ఏం చేస్తున్నాం అన్నదాని మీద, వదిలేటప్పుడు ఎలా వదులుతున్నాం అన్నదాని మీద ఉంటుంది. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

18 ఏళ్లుగా గాలం వేస్తున్నాను. మొదటి ఆరేడేళ్లు ఇలాంటి నియమమే ఉన్న ఒక సరస్సుకి వెళ్లేవాణ్ణి. పడిన ప్రతి చేప పొడవూ తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు నాకు ముందు నుంచీ ఉంది. ఐదో ఏడాది అనుకుంటా, ముసురు పట్టి వేటకి వెళ్లలేక ఇంట్లో కూర్చుని పాత పేజీలు తిరగేస్తుంటే ఒక విషయం కళ్లకు కట్టినట్టు కనిపించింది. మొదటి ఏడాది పేజీల్లో 24, 31, 38, 45 ఇలా రకరకాల అంకెలున్నాయి. చివరి పేజీలకి వచ్చేసరికి 27, 29, 28, 28, 29. పరిమితి 30. అంటే చేప పెరిగి ఆ గీత దాటిందంటే చాలు, ఎవరో ఒకరి బుట్టలోకి వెళ్లిపోతోంది. గీత కింద బోలెడు చేపలు, గీత పైన దాదాపు ఏమీ లేవు. మీ సరస్సులో జరుగుతున్నది కూడా ఇదే అయి ఉంటుంది.

కనీస సైజు వెనక ఉన్న ఆలోచన మంచిదే. ప్రతి చేపా మన చేతికి చిక్కేలోపు కనీసం ఒక్కసారైనా గుడ్లు పెట్టాలి. అయితే ఆ 30 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోండి. ఏ సైజులో గుడ్లకి వస్తుందనేది జాతిని బట్టి మారుతుంది. ఒకే జాతిలో కూడా ఆ సరస్సులో దొరికే తిండిని బట్టి, నీటి వేడిని బట్టి మారుతుంది. పైగా చాలా జాతుల్లో ఆడచేప మగచేప కన్నా పెద్దగా పెరుగుతుంది, ఆలస్యంగా గుడ్లకి వస్తుంది. మగచేపల్ని చూసి గీత గీస్తే ఆడచేపలు ఒక్క గుడ్డూ పెట్టకుండానే గీత దాటేస్తాయి. నేను ఇంటికి తెచ్చిన చేపల్ని కోసేటప్పుడు పొట్టలో చూడటం మొదలుపెట్టాను. గుడ్లు పెట్టే కాలంలో కూడా 31, 32 సెంటీమీటర్ల ఆడచేపల్లో గుడ్ల సంచి దారంలా సన్నగా ఉండేది. అవి ఇంకా పిల్లలే. నియమం ప్రకారం నేను తప్పు చేయలేదు, కానీ ఆ సరస్సుకి మాత్రం నష్టమే చేశాను.

ఇక పెద్ద చేపల సంగతి. ఇదే నేను గట్టిగా చెప్పాలనుకున్నది. చేప పొడవు రెట్టింపైతే బరువు దాదాపు 8 రెట్లు అవుతుంది. గుడ్లు బరువుతో సమానంగా పెరుగుతాయని చాలాకాలం అనుకున్నారు, కానీ చాలా జాతుల్లో అంతకన్నా వేగంగా పెరుగుతాయి. 2018లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో కాడ్ చేపని ఉదాహరణగా చూపించారు. 2 కిలోల ఆడచేపలు 28 కలిసి పెట్టే గుడ్ల కన్నా 30 కిలోల ఒక్క ఆడచేప పెట్టే గుడ్లే ఎక్కువ. ఆ 28 చేపల మొత్తం బరువు 56 కిలోలు. కాడ్ సముద్రపు చేపే, కానీ ఆ పరిశోధనలో చూసిన వందల జాతుల్లో ఎక్కువ వాటిది ఇదే తీరు. పెద్ద తల్లుల గుడ్లు చాలాసార్లు సైజులో కూడా పెద్దవిగా ఉంటాయి, వాటిలోంచి వచ్చే పిల్ల దృఢంగా ఉంటుంది. ఫోటో దిగి గర్వంగా ఇంటికి తెచ్చుకునే ఆ పెద్ద చేప నిజానికి ఆ సరస్సు విత్తనపు గింజ.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. ఎప్పుడూ పెద్దవాటినే ఏరి తీసేస్తుంటే, త్వరగా పెరిగే లక్షణం ఉన్న చేపలే ముందు పోతాయి. నెమ్మదిగా పెరిగేవి మిగిలి పిల్లల్ని కంటాయి. కనోవర్, మంచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని ట్యాంకుల్లో చేసి చూశారు. ఒక చిన్న జాతి సముద్రపు చేపల్ని గుంపులుగా పెంచి, కొన్ని గుంపుల్లో తరతరానికీ పెద్దవాటిని, ఇంకొన్నింటిలో చిన్నవాటిని తీసేస్తూ వచ్చారు. నాలుగు తరాలకే తేడా వచ్చేసింది. పెద్దవాటిని తీసేసిన గుంపుల నుంచి వచ్చిన దిగుబడి, చిన్నవాటిని తీసేసిన గుంపుల దిగుబడిలో సుమారు సగమే. 2002లో ఆ ఫలితాలు వచ్చాయి.

అందుకే చాలాచోట్ల కింద ఒక గీత, పైన ఒక గీత పెడతారు. ఆ రెండింటి మధ్య సైజు ఉన్న చేపల్నే తీసుకోవాలి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో నైల్ పెర్చ్ చేపకి పెట్టిన 50 నుంచి 85 సెంటీమీటర్ల హద్దు అలాంటిదే. 50 లోపువి పిల్లలు, 85 దాటినవి తల్లులు. (ఆ చేప ఆ సరస్సుకి బయటి నుంచి తెచ్చి వేసినది, అక్కడి సొంత జాతులెన్నింటినో తినేసింది. అది వేరే బాధ.) మా సరస్సులో అధికారికంగా పై గీత ఏమీ లేదు. నాతో పాటు గాలం వేసే పదకొండు మందిమి కూర్చుని మాట్లాడుకుని 50 దాటిన ఆడచేపని ఎవరమూ తీసుకోకూడదని, కింద గీతని మా వరకు 35కి పెంచుకుందామని ఒప్పుకున్నాం. మొదటి రెండేళ్లు చాలా కష్టంగా అనిపించింది, ఖాళీ బుట్టతో తిరిగి వచ్చిన రోజులే ఎక్కువ. మూడో ఏడాది నుంచి నా నోట్‌బుక్‌లో 33, 36, 41 అంకెలు మళ్లీ కనపడ్డాయి. ఆ ఏళ్లలో నీళ్లు కూడా బాగా నిండాయి కాబట్టి మొత్తం మా వల్లే అనను. కానీ ఆ 41 రాసుకున్న రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రతి సరస్సుకీ ఒకే మందు పనికిరాదు. తిలాపియా లాంటివి విపరీతంగా పిల్లల్ని పెట్టి, తిండి చాలక గిడసబారిపోయిన చిన్న నీటి గుంటలో చిన్నవాటిని వదిలేస్తూ పోతే సమస్య పెరుగుతుంది. అలాంటి చోట నేను రెండేళ్లు ప్రతి చిన్న చేపనీ జాగ్రత్తగా వదిలేశాను. అవి చిన్న చేపలు కావు, వయసు మీరిన గిడస చేపలని తర్వాత తెలిసింది. చేప తలలో చెవి దగ్గర ఒక చిన్న రాయి ఉంటుంది, చెట్టు కాండంలో వలయాల్లాగే దాని మీదా వయసు గీతలుంటాయి. ఒక చేపల శాస్త్రం విద్యార్థి అది తీసి చూపించాడు. అలాంటి చోట చిన్నవాటిని తీసుకుని, వాటిని తినే పెద్ద వేట చేపల్ని వదలాలి.

రోహు, బొచ్చె లాంటివి నిలవ నీటిలో మామూలుగా గుడ్లు పెట్టవు, వాటికి పారే నీరు కావాలి. మీ సరస్సులో వాటిని పిల్లలుగా తెచ్చి వదులుతుంటే సైజు నియమం లెక్క వేరు. అక్కడ అది చేప బాగా బరువెక్కేదాకా ఆగడం కోసం. కొరమీను అలా కాదు, సరస్సులోనే పిల్లల్ని పెడుతుంది, వాటిని దగ్గరుండి కాపాడుతుంది. నేను చేసిన పనుల్లో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది దీని గురించే. ఒకసారి గట్టు పక్కన ఎర్రటి పిల్లల గుంపు నీటి పైకి వస్తూ పోతూ ఉంటే దాని పక్కనే ఎర వేశాను. కాపలా ఉన్న పెద్ద చేప ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికే ఎర మీదకి దూకింది. నియమం ప్రకారం అది తీసుకోదగిన సైజే. దాన్ని బుట్టలో వేసుకుని మళ్లీ చూసేసరికి ఆ పిల్లల మీద వేరే చేపలు పడుతున్నాయి. కాసేపటికి నీటి మీద ఆ ఎరుపు లేదు. ఏ స్కేలూ దీన్ని కొలవదు. పిల్లల గుంపు కనపడితే అక్కడి నుంచి గాలం తీసేయండి.

వలలు వేసేవాళ్లకి సైజు నియమం చేప మీద కాదు, వల కన్ను మీద ఉండాలి. మొప్పల దగ్గర బిగుసుకుని గంటల తరబడి ఉన్న చేపని కొలిచి వదిలినా అది బతికే అవకాశం తక్కువ. దోమతెర లాంటి వలలైతే ఏడాది పంటనంతా పిల్లలుగానే ఊడ్చేస్తాయి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. వదిలిన చేప బతకడం చాలావరకు మన చేతుల్లోనే ఉంది. 1992లో ట్రౌట్ చేపల మీద ఒక ప్రయోగం చేశారు. బాగా అలిసిపోయేదాకా ఈదించి వెంటనే నీటిలోనే ఉంచినవాటిలో 12 శాతం చనిపోయాయి. అలిసిన తర్వాత 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 38 శాతం, ఒక నిమిషం ఉంచినవాటిలో 72 శాతం చనిపోయాయి. అన్ని జాతులూ ట్రౌట్ అంత సున్నితం కావు, కానీ ఆ నిమిషం అంటే మనం ఫోన్ తీసి ఫోటో దిగే సమయమే. వదలబోయే చేపని త్వరగా ఒడ్డుకి తెచ్చేయండి, వీలైతే నీళ్లలో ఉండగానే హుక్ తీయండి. పొడి చేతులతో పట్టుకుంటే పొలుసుల మీది జిగురు పోతుంది, అది పోతే ఆ చోట ఫంగస్ పడుతుంది, కాబట్టి ముందు చేతులు తడుపుకోండి. మొప్పల్లో వేళ్లు పెట్టవద్దు. హుక్ గొంతు లోపలికి వెళ్లిపోతే లాగకండి, దారం దగ్గరగా కత్తిరించి వదిలేయండి. లాగిన చేపలే ఎక్కువ చనిపోతాయి. నేను హుక్ ముల్లుని ప్లయర్‌తో నొక్కేసి వాడతాను, ఒకటి రెండు చేపలు జారిపోతాయి కానీ తీయడం క్షణంలో పని. నీళ్లు బాగా వేడెక్కిన మధ్యాహ్నాల్లో నీటిలో ఆక్సిజన్ తక్కువ, ఆ సమయంలో పట్టి వదిలే వేట పూర్తిగా మానేశాను.

కొలిచేటప్పుడు చేపని తడిపిన చదునైన పలక మీద పెట్టి, నోరు మూసి, తోక రెండు కొసల్నీ దగ్గరికి నొక్కి కొలవండి. కొన్నిచోట్ల తోక చీలిక దాకానే కొలవాలని ఉంటుంది, మీ నియమంలో ఏది రాసి ఉందో చూసుకోండి. గీత మీద సరిగ్గా ఉంటే వదిలేయండి.

ఈ సీజన్ నుంచే పొడవులు రాయడం మొదలుపెట్టండి, మీతో వచ్చేవాళ్లని కూడా రాయమనండి. కోసిన చేప ఆడదా మగదా, గుడ్లున్నాయా లేవా అన్నది కూడా పక్కన రాయండి. ఒక ఏడాది అంకెలు చేతిలో ఉంటే నియమం పెట్టేవాళ్ల ముందు కూర్చుని కింద గీత పెంచమని, పైన ఒక గీత పెట్టమని అడగవచ్చు. మీకు ఎక్కువగా పడే చేప ఏ జాతిదో, ఆ సరస్సులో పిల్లల్ని వదులుతారో లేదో ఇక్కడే రాయండి, గీత ఎంత ఉంటే బాగుంటుందో కలిసి చూద్దాం.