రెండో డ్రిల్లు కోసం యాప్‌లో అప్పా? ముందు ఒక నెల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నా జీతం 31,000. అద్దె, బైకు వాయిదాతో కలిపి నెల ఖర్చు 26,500. బ్యాంకులో 9,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 12 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్లు కొన్నాను. ఇంకా 4,200 బాకీ ఉంది, నెలనెలా మినిమమ్ డ్యూ (కట్టాల్సిన కనీస మొత్తం) కడుతున్నాను. మూడు కిటికీలకు కర్టెన్ రాడ్లు బిగించాలంటే 12 రంధ్రాలు కావాలి. బిట్టు అర అంగుళం దిగి ఆగిపోతోంది. ఒక యాప్‌లో 15,000 లోను వస్తుంది. చేతికి 13,800 ఇస్తారు, 2,900 చొప్పున ఆరు వాయిదాలు కట్టాలి. దానితో 20 వోల్టుల హ్యామర్ డ్రిల్లు కొని, ఆదివారాలు రంధ్రానికి 100 చొప్పున బయట పనులు చేసి అప్పు తీర్చాలనుకుంటున్నాను. మంచిదేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వద్దు. ఆ లోను తీసుకోకండి. కొన్న వస్తువు పని చేయడం లేదని, కారణం చూసుకోకుండా అంతకంటే పెద్దది అప్పు మీద కొనడం ఈ మధ్య చాలామంది చేస్తున్నారు. అందుకే మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందు లోను లెక్క చూడండి. చేతికొచ్చేది 13,800, మీరు కట్టేది 17,400. ఆరు నెలలకు 3,600 ఎక్కువ. అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి ఇది నెలకు దాదాపు 7 శాతం, ఏడాదికి 84 శాతం పైన పడుతుంది. లోను ఒప్పుకునే ముందు వాళ్లు ఇవ్వాల్సిన ఖర్చుల వివరాల కాగితమైన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాదికి పడే శాతం) అని ఉంటుంది. చూడాల్సింది ఆ అంకె. వాయిదా చిన్నదిగా ఉందని సరిపెట్టుకోకూడదు. ఆదివారం సంపాదన ఇంకా ఒక్క రూపాయి కూడా రాలేదు. రాని డబ్బును నమ్ముకుని వాయిదా ఒప్పుకుంటే, పని దొరకని నెలలో జీతంలోంచే కట్టాలి. మీ జీతంలో మిగిలేదే 4,500.

ఇంతకీ మీ డ్రిల్లు చెడిపోలేదు. అర అంగుళం దిగి ఆగిందంటే ప్లాస్టరింగ్ దాటి కాంక్రీటు తగిలిందన్న మాట. కిటికీ నెత్తి మీద ఉండేది లింటెల్, అంటే అడ్డంగా పోసిన కాంక్రీటు దూలం. హ్యామర్ (తిరుగుతూనే సుత్తిలా కొట్టే ఏర్పాటు) లేని డ్రిల్లు అక్కడ కంకర మీద ఉత్తినే రుద్దుకుంటుంది. బిట్టు కొన కాలి మొద్దుబారుతుంది, బ్యాటరీ నిమిషాల్లో దిగిపోతుంది, ఇంకా నొక్కితే మోటారు వాసన వస్తుంది. 20 వోల్టులదైనా పెద్దగా లాభం లేదు. 20 అని పెట్టె మీద రాసేది నిండా ఛార్జి చేసినప్పటి అంకె, వాడకంలో అది 18 వోల్టులే. చవక కార్డ్‌లెస్‌లలో ఉండే హ్యామర్ ఇటుకకు సరిపోతుంది కానీ కాంక్రీటులో ఒకటి రెండు రంధ్రాలకే అలిసిపోతుంది. కాంక్రీటుకు కావలసింది ఎస్‌డీఎస్ రకం గాడి బిట్టు పట్టే, కరెంటు వైరుతో నడిచే రోటరీ హ్యామర్ (బలంగా కొట్టే డ్రిల్లు). అది ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మీరు చెప్పిన ధరకే 12 రంధ్రాలకు 1,200. యాప్ వాళ్లు ముందే కోసుకునేది కూడా సరిగ్గా అంతే.

లింటెల్ మందం చాలా ఇళ్లలో ఆరు అంగుళాలే. ఆపైన ఇటుక ఉంటే బ్రాకెట్టును కాస్త పైకి జరిపి మీ డ్రిల్లుతోనే పని ముగించవచ్చు. 6 ఎంఎం మేసన్రీ బిట్టు కొత్తది వేయండి, కొయ్య బిట్టు కాదు. గేరు 2లో, క్లచ్ రింగును డ్రిల్లు గుర్తు మీద పెట్టండి. దిశ రివర్సులో ఉందేమో చూసుకోండి, అందులో బిట్టు కొరకదు. స్క్రూ పట్టడానికి రంధ్రంలో దించే ప్లగ్గు పొడవుకు అర సెంటీమీటరు కలిపి బిట్టుకు టేపు చుట్టి, అంతవరకే దించండి. దుమ్ము ఊడ్చాకే ప్లగ్గు కొట్టండి. రంధ్రం వదులైతే స్క్రూతో పాటు ప్లగ్గూ తిరిగి, రాడ్డు ఊడి వస్తుంది. స్విచ్‌బోర్డుకు నిలువుగా పైనా కిందా మాత్రం బిట్టు పెట్టకండి, వైర్లు ఆ దారినే వెళ్తాయి. అద్దె ఇల్లు కాబట్టి ఓనరుకు ముందే చెప్పండి.

బ్యాటరీని ఖాళీగా నెలల తరబడి అల్మారాలో పడేయకండి. సగం ఛార్జితో ఉంచండి, వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకండి. చవక డ్రిల్లులో ముందు పోయేది బ్యాటరీయే. అదే మోడల్ బ్యాటరీ అప్పటికి దొరక్కపోతే డ్రిల్లు మొత్తం మూలన పడుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ దగ్గరున్న 9,000 పది రోజుల ఖర్చుకు సరిపోతుంది. జీతం ఒక్క నెల ఆలస్యమైతే మళ్లీ ఆ యాప్ దగ్గరికే వెళ్తారు. నాకు భయం వేసేది దాని గురించే. ఈ రోజే 4,200 కట్టి కార్డు బాకీ మూసేయండి. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్‌టీతో కలిపి 173 రూపాయలవుతుంది. మీరు కట్టే మినిమమ్ 210 అయితే, బాకీలో తగ్గేది 37 రూపాయలే. పైగా మొత్తం తీరేదాకా ఆ కార్డు మీద కొత్తగా కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

మిగిలిన 4,800ను జీతం పడని వేరే ఖాతాలోకి మార్చండి. జీతం వచ్చిన మర్నాడే 4,500 అందులోకి వెళ్లేలా ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టండి. ఐదు నెలల్లో 27,300 అవుతుంది, అంటే ఒక నెల ఖర్చు. అక్కడ ఆపకండి. ఆరు నెలల ఖర్చు 1,59,000 చేరాలి. ఇదే వేగంతో వెళ్తే మూడేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. బోనస్ వస్తే అందులోనే వేయండి. ఇది పూర్తయ్యేదాకా సిప్ (నెలనెలా ఫండులో పెట్టుబడి), బంగారం, రెండో డ్రిల్లు ఏదీ వద్దు. నెల ఖర్చు దాటాక మిగతాది, కావలసినప్పుడు తీసుకోగలిగే స్వీప్ ఎఫ్‌డీలో పెట్టుకోవచ్చు.

బయట పనులు చేయాలనుంటే ఇటుక గోడలకు ఉన్న డ్రిల్లుతోనే మొదలుపెట్టండి. ఇంకొకరి ఇంట్లో నీటి పైపుకు బిట్టు తగిలితే ఆ ఖర్చు మీదే, దానికీ ఈ నిధి ఉండాలి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి. అది 2 లక్షల వరకు ఇచ్చే ప్రమాద బీమా, మరణానికీ శాశ్వత వైకల్యానికీ మాత్రమే వర్తిస్తుంది. చెయ్యి విరిగి నెల రోజులు ఇంట్లో కూర్చుంటే ఒక్క రూపాయీ రాదు, అప్పుడు ఇల్లు గడిచేది ఆ వేరే ఖాతాతోనే. కార్డు బాకీ కట్టాక ఆటోపేలో మినిమమ్ డ్యూ తీసేసి టోటల్ డ్యూ పెట్టండి. ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసే ముందు, సెట్టింగ్స్‌లో కాంటాక్టులకూ ఫొటోలకూ ఇచ్చిన అనుమతులు రద్దు చేయండి.