పాఠకుల ప్రశ్నలు: ఉప్పు ఎక్కడ పనిచేస్తుంది?

ప్రశ్న: మా ఆఫీసులో విశ్వాసిని నేనొక్కణ్ణే. వీలు దొరికినప్పుడల్లా సువార్త చెబుతున్నాను. రెండేళ్లయింది. వినడం మాట అటుంచి, నన్ను చూస్తే పక్కకు తప్పుకుంటున్నారు. లోపం ఎక్కడుంది?

జవాబు: సోదరా, మీ ఆసక్తి మంచిదే. అయితే "మీరు లోకమునకు ఉప్పయియున్నారు" అన్న ప్రభువు మాటలో ఉప్పు చేసే పనేమిటో ఒకసారి చూడండి. ఉప్పు రుచికే కాదు, చేప చెడిపోకుండా నిలవ ఉండటానికీ వాడతారు. మూడు నాలుగు పాళ్ల చేపకు ఒక పాలు ఉప్పు పడుతుంది. కడుపు చీల్చి లోపలా బయటా, మొప్పల సందుల్లో కూడా రుద్దాలి. చేపలో ఉన్న నీటిని ఉప్పు బయటికి లాగేస్తుంది, నీరు తగ్గేసరికి కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరగలేవు. ఉప్పు తగలని చోట ముందు వాసన మొదలవుతుంది. ఉప్పంతా పైన కుప్పగా పోసి వదిలేస్తే లోపలి మాంసం పాడైపోతుంది. మీ మాటలు అలా పైన పోసిన కుప్ప అవుతున్నాయేమో ఆలోచించండి.

రాజు కొలువులో పెద్ద ఉద్యోగి అయిన దానియేలు మీద పగబట్టినవాళ్లు ముందు అతని ఉద్యోగంలో తప్పు వెదికారు. ఏమీ దొరకలేదు (దానియేలు 6:4). మీరూ అక్కడినుంచి మొదలుపెట్టండి. మూడు నెలలపాటు సువార్త ప్రస్తావన మీరుగా తేవద్దు. ఒప్పుకున్న పని గడువుకు ఇవ్వండి. కుదరదనిపిస్తే గడువు దాటాక కాదు, ముందురోజే చెప్పండి. పొరపాటు జరిగితే ఎవరో పట్టుకునేలోపు మీరే ఒప్పుకోండి. అక్కడ లేని మనిషి గురించి మాటలు మొదలైతే అందులో కలవకండి, అలాగని నీతిబోధా చేయకండి. తోటి ఉద్యోగి ఇంట్లో ఎవరికైనా బాగాలేదని తెలిస్తే రాసిపెట్టుకుని, నాలుగు రోజుల తర్వాత "అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?" అని మళ్లీ అడగండి. మొదటిసారి అందరూ అడుగుతారు. రెండోసారి అడిగేవాళ్లు తక్కువ.

ఇది ప్రభువు పేరు దాచుకోవడం కాదు. ఎవరైనా అడిగితే ఆ క్షణమే చెప్పండి. 1 పేతురు 3:15లో ఉన్న వరస కూడా అదే: అడిగినవారికి, సాత్వికంతో. జీతం తీసుకునే గంటల్లో మాత్రం వద్దు, భోజన విరామంలో మాట్లాడుకోండి. ఇంకొకటి, తోటివాళ్లను "అన్యులు" అనే అలవాటుంటే ఇంట్లో కూడా మానేయండి. ఇంట్లో అన్న మాట బయట ముఖంలో కనిపిస్తుంది.

ప్రశ్న: మా సంఘంలో నలభై మందిమి. నిరుడు మా వీధిలో దుప్పట్లు పంచాం. ఆ ఒక్కరోజుతో సరి, తర్వాత ఏమీ మిగల్లేదు. ఈసారి నిలిచే పని ఏం చేయాలి?

జవాబు: దుప్పట్లు కావాలని వీధిలో ఎవరైనా అడిగారా? చాలా సంఘాలు ఈ ప్రశ్న దగ్గరే తప్పుతాయి. ముందు రెండు వారాలు ఇద్దరిద్దరుగా చుట్టుపక్కల ఇరవై ముప్ఫై ఇళ్లకు వెళ్లండి. చేతిలో కరపత్రాలు వద్దు, చిన్న నోటుపుస్తకం చాలు. "ఈ వీధిలో అన్నిటికంటే ఇబ్బంది పెడుతున్నది ఏమిటి?" అని ఒక్కటే అడిగి, వాళ్లు చెప్పినట్టే రాసుకోండి. ఏడెనిమిది ఇళ్లలో ఒకే మాట వస్తే మీ పని అదే. రెండు పనులు ఎత్తుకోవద్దు.

పిల్లల చదువు అని తేలిందనుకోండి. వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున చాలు. నలుగురైదుగురు పిల్లలకు ఒకరు చెప్పాలి. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపు తెరిచే ఉంచాలి. ఈ నియమం పాస్టరుగారికీ వర్తిస్తుంది. ఆరుగురు చెప్పేవాళ్లుంటే రానివాళ్ల బదులు వచ్చేందుకు మరో ముగ్గురి పేర్లు ముందే రాసిపెట్టుకోండి. మొదటి నెల ఉత్సాహం ఉంటుంది, తర్వాత ఒకరికి జ్వరం, ఇంకొకరికి ప్రయాణం. రెండుసార్లు తాళం కనిపిస్తే పిల్లలు రావడం మానేస్తారు. అందుకే "ఎప్పటికీ చేస్తాం" అనకుండా ఆరు నెలలకు మాటిచ్చి, ఆ ఆరు నెలలూ ఒక్క రోజు కూడా తప్పకుండా చేయండి.

అన్నీ కాపరి నెత్తిన వేయవద్దు. యెరూషలేములో విధవరాండ్రకు రోజూ జరిగే పంపకంలో కొందరిని చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు వచ్చినప్పుడు, అపొస్తలులు మంచిపేరున్న ఏడుగురిని ఏర్పరచమన్నారు (అపొ. కార్యములు 6). డబ్బు విషయంలోనూ పౌలు పద్ధతి చూడండి. చందా సొమ్ము ఒక్కడే మోయలేదు, సంఘాలు ఎన్నుకున్న సోదరుణ్ణి వెంట ఉంచుకున్నాడు, ఎవరూ తప్పు మోపకుండా (2 కొరింథీ 8:19–21). మీరూ రెండు సంతకాలు ఉంటేనే డబ్బు తీయండి. ప్రతినెలా లెక్క రాసి గోడకు అంటించండి.

సాయం అందుకుంటున్నవాళ్ల ఫొటోలు తీయకండి. కూటానికి వస్తేనే చదువు చెబుతామనే షరతు అసలే వద్దు. యేసు పదిమంది కుష్ఠరోగులను బాగుచేస్తే తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే. మిగతా తొమ్మిదిమంది స్వస్థతను ఆయన వెనక్కి తీసుకోలేదు.

ప్రశ్న: సంఘం ఆత్మల సంగతి చూసుకోవాలి గానీ, లోకంలో అన్యాయాలతో మనకేం పని?

జవాబు: ఇలాగే అనుకుని ఉంటే బానిసల వ్యాపారం ఇంకెన్నాళ్లు సాగేదో. బ్రిటన్‌లో థామస్ క్లార్క్‌సన్ రేవు రేవుకూ తిరిగి నావికులను ప్రశ్నించి, సాక్ష్యాలు పోగుచేశాడు. బానిసలకు వేసే సంకెళ్లు, బొటనవేళ్లు నలిపే మరలు లివర్‌పూల్‌లో కొని తెచ్చి జనానికి చూపించాడు. ఆ సాక్ష్యాలతో పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్ సభలో మాట్లాడాడు. 1791లో ఆ వ్యాపారాన్ని ఆపాలన్న ప్రతిపాదనకు 88 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 163. మళ్లీ మళ్లీ ఓడిపోయి, 1807లో గానీ ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టం రాలేదు. బానిసత్వం రద్దు చట్టానికి 1833 దాకా ఆగాల్సి వచ్చింది. అవతలి పక్షంలోనూ బైబిలు చదివేవాళ్లున్నారని మరవకండి. ఆవేశంతో పాటు చేతిలో రుజువులు, ఏళ్ల తరబడి ఓపిక ఉండాలి.

ప్రశ్న: రక్షణ పొందకముందు పనిచేసిన చోట దొంగ బిల్లులు పెట్టి డబ్బు తీసుకున్నాను. దేవుడు క్షమించాడు కదా, ఇప్పుడు అదంతా కదపాలా?

జవాబు: కదపాలి సోదరీ. క్షమాపణ దేవుని దగ్గర దొరికింది, డబ్బు మాత్రం ఇంకా మీ దగ్గరే ఉంది. లేవీయకాండం 6:5 ప్రకారం అసలుకు ఐదో వంతు కలిపి సొంతదారుడికి ఇవ్వాలి, అంటే వందకు నూట ఇరవై. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. ముందు గుర్తున్నంతవరకూ లెక్క కాగితం మీద రాయండి. గుర్తులేని చోట తక్కువ వేయకండి, ఎక్కువే వేయండి. చట్టపరమైన చిక్కులు ఉండవచ్చు కాబట్టి ఒక వకీలును అడిగి, తర్వాత యజమానికి ఉత్తరం రాయండి. అందులో సాకులు వద్దు, అప్పటి మీ కష్టాల వర్ణన వద్దు. ఎంత తీసుకున్నారో, ఎలా తీసుకున్నారో, ఏయే తేదీల్లో తిరిగి ఇస్తారో రాసి, మొదటి వాయిదా ఆ ఉత్తరంతోనే పంపండి.