పక్షవాతం తర్వాత మళ్లీ స్టీరింగ్

ప్రశ్న: నాన్నగారికి 58 ఏళ్లు. పక్షవాతంతో ఎడమ చెయ్యి, కాలు దెబ్బతిన్నాయి, ఇప్పుడు నడుస్తున్నారు. డ్రైవింగ్ సామర్థ్య పరీక్షకు ఎలా సిద్ధం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: నడకను చూసి మురిసిపోకండమ్మా, ముందు చూపు సంగతి తేల్చాలి. న్యూరాలజిస్టు సరేనన్నాక కంటి డాక్టరుతో ఫీల్డ్ టెస్టు, అంటే పక్కలకు చూపు ఎంతవరకు అందుతుందో చూసే పరీక్ష, చేయించండి. ఎదురుగా ఉన్న అక్షరాలన్నీ చదివే మనిషికే ఎడమ నుంచి దూరే ఆటో కనబడకపోవచ్చు, ఆ లోటు ఆయనకే తెలియదు. కంచంలో ఎడమవైపు అన్నం వదిలేస్తున్నారా? గుమ్మానికి ఎడమ భుజం తగులుతోందా? రాసుకెళ్లి డాక్టరుకు చెప్పండి.

మన కార్లలో క్లచ్, గేరు రెండూ ఎడమవైపువే. ఇంజను ఆపిన కారులో క్లచ్ పూర్తిగా తొక్కి, మెల్లగా వదలమనండి. కాలు వణికినా, జారినా ఆటోమేటిక్ కారే మేలు. మూర్ఛ (ఫిట్స్) వచ్చి ఉంటే మాత్రం డాక్టరు దగ్గర దాచొద్దు.