స్టేజీ మీద బేస్ గిటార్‌కు కంప్రెసర్ పెడల్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు, కానీ మీ వాయింపులో మెల్లని స్వరాలకూ గట్టి దెబ్బలకూ తేడా మరీ ఎక్కువగా ఉంటే, ఆ హెచ్చుతగ్గులను తగ్గించే కంప్రెసర్ ఎంతో మేలు చేస్తుంది.

బేస్ తీగను మీటగానే శబ్దం ఒక్కసారిగా ఎగసి, వెంటనే తగ్గిపోతుంది. ఆ తగ్గిన భాగమే డ్రమ్స్ హోరులో మునిగిపోతుంది. కంప్రెసర్ మనం పెట్టిన హద్దు, అంటే థ్రెషోల్డ్, దాటిన శబ్దాన్ని మాత్రమే అణుస్తుంది. ఉదాహరణకు రేషియో, అంటే అణిచే నిష్పత్తి, 4:1 అనుకుందాం. హద్దును 8 డెసిబెల్స్ దాటిన స్వరం 2 డెసిబెల్స్ దాటినట్టుగానే బయటికి వస్తుంది. అటాక్‌ను, అంటే హద్దు దాటిన శబ్దాన్ని అణచడానికి కంప్రెసర్ తీసుకునే సమయాన్ని, 20–30 మిల్లీసెకన్ల దగ్గర ఉంచితే వేలు తగిలినప్పటి ‘టక్’ చెక్కుచెదరదు. మరీ తగ్గిస్తే స్లాప్‌లోని, అంటే బొటనవేలితో తీగను కొట్టి వాయించే పద్ధతిలోని, పసే పోతుంది. ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

కంప్రెసర్ శబ్దాన్ని పెంచుతుందన్నది అపోహ. అది తగ్గిస్తుంది, పెంచేది దాని లెవెల్ నాబ్. ఆ నాబ్‌ను ఎక్కువగా తిప్పితే స్వరాలతో పాటు తీగల గరగర, పికప్‌ల హమ్ కూడా పైకి లేస్తాయి. మిక్సర్ దగ్గర సౌండ్ ఇంజనీరు కూడా బేస్‌ను కంప్రెస్ చేస్తుంటే, పెడల్‌ను తేలికగా ఉంచడమే మంచిది.