విద్యార్థులతో, తల్లిదండ్రులతో టీచర్ ఎలా మాట్లాడితే ఫలితం ఉంటుంది?

క్లాసులో ప్రశ్న అడిగాక కనీసం 3 సెకన్లు ఆగండి. చాలామంది టీచర్లు ఆ మాత్రం కూడా ఆగకుండా ఇంకొకరిని లేపుతారు, లేదంటే జవాబు తామే చెప్పేస్తారు. అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో ప్రచురించిన పరిశోధనల్లో ఈ విరామం 3 సెకన్లకు పెరిగినప్పుడు పిల్లల జవాబుల నిడివి పెరిగింది, చదువులో వెనకబడ్డవాళ్లూ నోరు విప్పారు. ముందు ప్రశ్న, తర్వాత విరామం, చివర్లో పేరు. పేరు ముందే పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. "ఈ సమీకరణంలో రెండువైపులా 5 ఎందుకు తీసేశాం?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. మందలింపు మాత్రం పక్కకు పిలిచి, తక్కువ మాటల్లో.

తల్లిదండ్రులకు సమస్య వచ్చాకే ఫోన్ చేయడం పెద్ద పొరపాటు. స్కూలు నంబరు చూడగానే వాళ్లకు గుండె దడ మొదలవుతుంది. ఏడాది మొదట్లోనే ఒక మంచి మాట చెప్పడానికి ఫోన్ చేయండి. తర్వాత ఫిర్యాదు చెప్పాల్సివచ్చినా చూసిందే చెప్పండి, ముద్ర వేయొద్దు. "మీవాడికి శ్రద్ధ లేదు" అంటే వాదనే మిగులుతుంది. "రెండు వారాల్లో నాలుగు హోంవర్కులకు ఒకటే ఇచ్చాడు. ఇంట్లో ఏ టైముకు చదువుకుంటున్నాడండీ?" అంటే మాట ముందుకు సాగుతుంది. జవాబు పూర్తిగా వినండి. ఇంటి పరిస్థితి వాళ్లకే తెలుసు. స్కూల్లో ఒకటి, ఇంట్లో ఒకటి చేసే పని తేల్చుకుని, మళ్లీ మాట్లాడే తేదీ పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపులో ఏ ఒక్కరి మార్కుల మాటా ఎత్తొద్దు. భాష కలవకపోతే ఆ పిల్లాడితోనే అనువాదం చేయించొద్దు, తనకు ఇబ్బందైన మాట దాటేస్తాడు. వేరే పెద్దవాళ్ల సాయం తీసుకోండి.