హీబ్రూ పిల్లల కవయిత్రి మిర్యం యలాన్-ష్టెక్లిస్‌లో అంత గొప్పేముంది?

పిల్లల కవితకు నీతి అక్కర్లేదని చూపించారు. నన్నడిగితే అదొక్కటి చాలు.

1900లో ఇప్పటి ఉక్రెయిన్‌లో పుట్టారు, 1920లో జెరూసలేం చేరారు. అక్కడి జాతీయ గ్రంథాలయంలో, స్లావిక్ విభాగంలో ఏళ్ల తరబడి ఉద్యోగం. 1956లో పిల్లల సాహిత్యానికి ఇజ్రాయెల్ ప్రైజ్ వచ్చింది. 1984లో పోయారు. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నాకు మాత్రం ఆవిడ టెల్ అవీవ్ పక్కనున్న రమత్ గన్‌లో ఒక ముసలావిడ వంటింట్లో పరిచయమయ్యారు.

మాది జగిత్యాల వైపు. మా దగ్గర చాలామందిలాగే నేనూ కేర్‌గివర్ పనికి ఇజ్రాయెల్ వెళ్లాను. (ఏజెంట్లకు కట్టే లక్షల సంగతి అడక్కండి, అదో పురాణం.) నేను చూసుకునే సవ్తాకి, అంటే నానమ్మకి, మతిమరుపు. టిఫిన్ తిన్నదో లేదో కూడా గుర్తుండేది కాదు. ఒక మధ్యాహ్నం ఇంటికి వీడియో కాల్ చేస్తే మా వాడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. దోస్తులు ఆటలో చేర్చుకోలేదట. పక్క నుంచి మా అమ్మ, "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా?" అంటోంది. తెలుగు ముక్క రాని సవ్తా ఫోన్లోకి తొంగిచూసింది. వాడి మొహం చూసి మిర్యం రాసిన 'దనీ గిబోర్' (ధైర్యవంతుడు దనీ) అనే కవిత అందుకుంది. ఎక్కడా తడబడలేదు.

నువ్వు ధైర్యవంతుడివి, తెలివైనవాడివి, ఏడవవు అని దనీకి వాళ్లమ్మ చెప్పి ఉంటుంది. వాడు నూరిత్ అనే పిల్లకి పువ్వు ఇస్తాడు, ఆపిల్ ఇస్తాడు. ఆ పిల్ల ఆపిల్ తినేసి, పువ్వు పారేసి, ఇంకో అబ్బాయితో ఆడుకోవడానికి పోతుంది. నేను ఏడుపుగొట్టువాణ్ని కాదు కదా, మరి కన్నీళ్లు వాటంతటవే ఎందుకొస్తున్నాయమ్మా అని దనీ అడుగుతాడు. అంతే, అక్కడితో సరి. అమ్మ ఏం చెప్పిందో కవితలో లేదు.

మన దగ్గరైతే చివర్లో "కాబట్టి పిల్లలూ" అని రెండు లైన్లు తగిలించకుండా ఎవరికీ నిద్ర పట్టదు. బళ్లో పోటీలు పెట్టినా నీతిపద్యాలే, అదీ చేతులు ఊపుతూ చెప్పినవాళ్లకే ప్రైజు. పిల్లలకి కవిత్వం మీద విరక్తి పుట్టేది అక్కడే. ఇజ్రాయెల్‌లో ఒక వయసు దాటినవాళ్లని ఎవర్నైనా అడగండి, దనీ తెలియనివాళ్లుంటే నా పేరు మార్చుకుంటా.

మా వాడికి ఆ కథంతా తెలుగులో చెప్పాను. ఏడుపు ఆపి, "ఆ నూరిత్‌తో కటీఫ్" అన్నాడు. ఎవరైనా దీన్ని తెలుగులోకి తెస్తే బాగుండు. తెచ్చేవాళ్లు దయచేసి అమ్మ చేత జవాబు చెప్పించకండి.